రెండు గీతల నడుమ పేట

కిందటివారం హన్నాను మామిడికుదురు పోస్టాఫీసు మెట్ల మీద వదిలాం. ఆమె చేతిలో రిజిస్టరు రసీదు ఉంది. మండలాఫీసుకు వెళ్ళిన ఆ కవరులో ఆమె సొంత దస్తూరీతో రాసిన మూడు పేజీల అర్జీ, దాని కింద పదహారుమంది వేలిముద్రలు, సంతకాలు ఉన్నాయి.

సంగతి ఇది. పన్నెండేళ్ళ కిందట నడిగట్టుపాలెం పేటలో పదిహేడు కుటుంబాలకు ప్రభుత్వం పట్టాలిచ్చింది. ఇచ్చింది ఇరవై రెండెకరాలు. అదంతా ఏటిగట్టుకు అవతల, గోదావరి మేట వేసిన నేల. ఎనభైయారు ఆగస్టు వరద దాని మీద మోకాలిలోతు ఇసుక పోసి పోయింది. నవంబరులో పదిహేడు కుటుంబాలూ ఎకరం నాలుగు వేల చొప్పున ఊళ్ళో పెద్దరైతు త్రిమూర్తులుకు అమ్మేశాయి. జనవరిలో కొత్త గట్టుకు రాళ్ళు పాతారు. రాళ్ళు పాత గట్టు మీద పడలేదు. ఆ ఇరవై రెండెకరాలనూ చుట్టుకుని ఏటి అంచున పడ్డాయి. ఏటా మునిగే లంక గట్టు చాటు నేల అయిపోయింది. ఇప్పుడది ఎకరం నలభై వేలకు తక్కువ పలకదని అందరూ అంటున్నారు.

ప్రభుత్వమిచ్చిన పట్టా నేల కొనడం గానీ అమ్మడం గానీ చెల్లదని చట్టం ఉంది. హన్నా ఆ చట్టాన్నే పట్టుకుంది. అర్జీలో పదిహేడో సంతకం లేదు. అది ఆమె తండ్రి మోషేది. మోసపోయినందుకు సిగ్గుపడుతున్నాడని ఆమె అనుకుంది. సోమవారం విచారణ. ఇవాళ శనివారం.

* * *

ఒంటిపూట బడి ముగించుకుని వచ్చి హన్నా వారం బట్టలు నానబెడుతోంది. భర్త మస్కట్ వెళ్ళినప్పటినుంచి ఆమె తండ్రి దగ్గరే ఉంటోంది. బకెట్టులోంచి తల ఎత్తేసరికి గట్టు దిగుతున్న మనిషి కనిపించాడు. తెల్లపంచె కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, జారే చోట పక్కకు తిరిగి, ఒక్కొక్క అడుగే వేస్తున్నాడు.

త్రిమూర్తులు పేటలోకి దిగడం ఆమె ఎన్నడూ చూడలేదు. పని ఉంటే గట్టు మీదే ఆగి పేరు పెట్టి పిలిచేవాడు. పిలుపు అందుకున్నవాడు గట్టెక్కి వెళ్ళేవాడు. ఆమెకు ఊహ తెలిసినప్పటినుంచి అంతే. దిగడం అలవాటు లేని కాళ్ళు కాబట్టే అలా తడుముకుంటున్నాయి.

చేతులు తుడుచుకుని ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి అరుగు మీద వేసింది.

“మోషే లేడాండీ?”

“రేవుకి వెళ్ళేరండి. వచ్చేస్తారు. కూర్చోండి. టీ పెడతాను.”

“వద్దండీ, ఇప్పుడే తాగేను.”

ఎక్కడని హన్నా అడగలేదు. పేట నుంచి ఎటు చూసినా మైలు దూరంలో టీకొట్టు లేదు.

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. దండెం మీది బట్టలు, గోడకు కొట్టిన బైబిలు వాక్యాల క్యాలెండరు, మూలనున్న చేతికర్ర అన్నీ ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

“మీ అర్జీ చదివేనండి టీచరుగారూ. చాలా బాగా రాసేరు. మా అబ్బాయి వీరవెంకటరమణ బీకాం చదివేడు, అందులో నాలుగు ముక్కలు రాయమంటే పెన్నులో సిరా లేదంటాడు.”

“అది మీకెవరు చూపించేరండీ?”

“నా మీద రాసింది నాకు చూపించకపోతే ఎలాగండి!”

“అందులో అబద్ధం ఉంటే చెప్పండి.”

“అక్షరం అబద్ధం లేదు. పట్టా నేల కొనకూడదు, కొన్నాను. తెల్లకాయితం మీద రాయించుకున్నాను. మీ గుడి వరండాలో అందరూ చూస్తుండగా మట్టిబెడ్డ చేతిలో పెట్టించుకున్నాను. అన్నీ నిజవేనండి.”

రిజిస్టరు కాని నేలకు పేటలో అదే దస్తావేజు. అమ్మినవాడు ఆ నేలలోంచి గడ్డివేళ్ళతో సహా ఒక బెడ్డ పెకలించి తెచ్చి, ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ఎదుట కొన్నవాడి చేతిలో పెట్టాలి. ఒకసారి పెట్టాక ఆ నేల మాట మళ్ళీ ఎత్తకూడదు. త్రిమూర్తులు గుడి మెట్టెక్కకుండా వరండా కింద నిలబడి అందుకున్నాడు. మొదటి బెడ్డ పెట్టినవాడు మోషే. సంఘపెద్దే పెట్టాక మిగతా పదహారుమందీ వెనకా ముందూ చూడలేదు.

“గట్టు ఎటు పడుతుందో మీకు ముందే తెలుసు,” అంది హన్నా. “తెలిసే కొన్నారు. అదీ రాసేను.”

“రాసేరు. అక్కడే ఒక ముక్క తక్కువైందండి. నాకు తెలుసని రాసేరు. నాకు చెప్పిందెవరో రాయలేదు.”

ఆయన చూపు ఆమెను దాటి వెనక్కి వెళ్ళింది. మోషే వచ్చి నిలబడ్డాడు. చేతిలో తాటాకు పుల్లకు గుచ్చిన నాలుగు మట్టగిడస చేపలు ఉన్నాయి. కుర్చీలో మనిషిని చూసి ఆయన ఆశ్చర్యపోలేదు. అది హన్నాకు మొదట తోచిన వింత.

“ఏం మోషే, మీ అమ్మాయికి చెప్పలేదా నువ్వు?”

“లేదండి.”

“నేను మాట తప్పలేదు. నువ్వు తప్పించుకోకు.” హన్నా వైపు తిరిగాడు. ఆ ఇద్దరితోనూ మాట్లాడుతున్నది ఒక్క నోరే అయినా ‘మీరు’ ఆమెకు, ‘నువ్వు’ ఆమె తండ్రికి. “బెదిరించడానికి రాలేదండి నేను. సోమవారం ఆ నేల నాది కాదని తేలితే సరే, కాదు. కానీ నాది కాని నేల చుట్టూ గట్టు తిప్పించే పని నాకేవుందండీ? నేను హైదరాబాదు ఎల్లను, ఎవర్నీ అడగను. ఆఫీసులో పాత గట్టు మీది గీత కాయితం అలాగే ఉంది. ఆ గీత ఎక్కడ పడుతుందో మీ నాన్నని అడగండి. ఇంజనీర్లు పుస్తకం చూసి చెబుతారు, మోషే కళ్ళు మూసుకుని చెబుతాడు.”

లేచి, కుర్చీని తనే గోడవారగా జరిపి, వచ్చినంత జాగ్రత్తగానూ గట్టెక్కి వెళ్ళిపోయాడు.

* * *

మోషే ముప్పై ఒక్క ఏళ్ళు ఏటిగట్ల మీద లస్కరుగా పనిచేశాడు. గట్టుకు బొరియ పడితే ముందు చూసేవాడూ, వరదకాలంలో ఇసుకమూటలు మోయించేవాడూ, ఆఫీసరు జీపు వస్తే గొడుగు పట్టేవాడూ ఆయనే. రిటైరైనా సెక్షనాఫీసులో ఎవరైనా కొలతకర్ర పట్టుకోడానికి మనిషి కావాలంటే కబురు ఆయనకే వస్తుంది. ఇవన్నీ హన్నాకు తెలుసు. తండ్రికి గట్టు తెలుసుననీ తెలుసు. కాగితం తెలియదనే ఇన్నాళ్ళూ అనుకుంది.

ఆయన చేపలు నీళ్ళగాబు మీద పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు.

“రా అమ్మా,” అన్నాడు.

“ఎక్కడికి?”

“దూరం కాదు.”

గట్టు అడుగున, వాలు మొదలైన చోట మడమ ఆనించి నిలబడ్డాడు. అక్కణ్ణించి ఒక పాదం ముందు ఒక పాదం ఆనిస్తూ ఇంటి వైపు నడిచాడు. పైకి లెక్కపెట్టలేదు. వాళ్ళ అరుగు దగ్గరికి వచ్చాక ఆగలేదు. అరుగు ఎక్కి, గుమ్మం దాటి, వంటింటి పొయ్యి దగ్గర ఆగాడు.

“ఇక్కడిదాకా వస్తది,” అన్నాడు పొయ్యి ముందు నిలబడి. “నలభై ఎనిమిది అడుగులు.”

హన్నా గుమ్మంలోనే ఉండిపోయింది.

“ఎనభైయారు నీటిమట్టానికి పైన ఇంకో నిలువెత్తు గట్టు ఉండాలని పైనుంచి ఆర్డరొచ్చింది. గట్టు ఒక అడుగు ఎత్తు పెరిగితే కింద ఆరేడడుగులు వెడల్పవ్వాలి. లేకపోతే నిలవదు. పైన జీపు తిరగాలి, దానికో ఎనిమిదడుగులు. ఏటివైపు రాతికట్టు ఉంది, దాన్ని కదపరు. పెంచేదంతా ఇటే. గట్టు వెంట మన వరసంతా అరవై మూడిళ్ళు. నేను ఇల్లిల్లూ నడిచి చూసేను. ఏ ఇంట్లో ఎక్కడిదాకా వస్తదో అడుగు.”

“ఎప్పుడు?”

“సెప్టెంబరులో. మనం గట్టు మీంచి దిగిన వారానికి.”

ఎగువన గండి పడిన ఆ వరదలో పదకొండు రోజులు పేట అంతా గట్టు మీద బతికింది. గొడ్లూ మనుషులూ ఒకే టార్పాలిన్ల కింద. దిగి వచ్చి, గోడలు కూలిన ఇళ్ళ దగ్గర మట్టి తొక్కి మళ్ళీ గోడలు పెట్టుకుంటున్న ఆ రోజుల్లో తండ్రి ఇల్లిల్లూ తిరుగుతుంటే, సంఘపెద్ద కదా, పలకరించడానికి వెళుతున్నాడని ఆమె అనుకుంది.

“ఇళ్ళు పోతే వేరే చోటు ఇస్తారు కదా నాన్నా. నష్టపరిహారం ఇస్తారు.”

“మనం ఉన్నది గట్టు వార సర్కారు పోరంబోకు. ఎవడికి పట్టా ఉందమ్మా ఇక్కడ? ముప్పై ఏళ్ళు ఇక్కడ ఎవరు గడ్డి కోసినా ఆపాల్సింది నేను. ఇళ్ళు ఏసుకుంటే చూసీ చూడనట్టు ఊరుకుంది నేనే. తాటాకుకీ ఎదురుబొంగులకీ ఏదో ఇస్తారు. చోటుకి ఇవ్వరు.”

పొయ్యి ముందునుంచి కదిలి వచ్చి గుమ్మానికి ఇవతల కూర్చున్నాడు. హన్నా కూడా కూర్చుంది. బయట నానిన బట్టల మీద ఎండ పడుతోంది.

“ఆఫీసులో రెండు గీతలు గీసేరు. ఒకటి పాత గట్టు మీద. రెండోది ఏటి అంచున. ఏరు ఎలాగూ అవతలకి జరిగింది కాబట్టి అక్కడ కొత్తగా ఏసినా నిలుస్తది. ఇంజనీరుగారు మంచోడే. రెండోదే మంచిదన్నాడు. కానీ దానికి ఖర్చు ఎక్కువ. ఎక్కువ పెట్టి కాపాడేదేంటని పైవాళ్ళు అడిగేరంట. నేను కర్ర పట్టుకున్న రోజున వర్కిన్‌స్పెక్టరు ఆ కాయితం చదివి తెలుగులో చెప్పేడు. ఇసక కప్పిన లంక ఇరవై రెండెకరాలు, తాటాకిళ్ళు అరవై మూడు. రెండూ కలిపినా ఆ ఖర్చులో సగానికి రావంట. మనందరికీ ఖరీదు కట్టేసి చూసేరమ్మా. సాల్లేదు.”

ఆయన గొంతులో కోపం లేదు. గోతిలో నీళ్ళెంత లోతున్నాయో చెప్పే మనిషిలా చెప్పాడు.

“అప్పుడు నాకు తెలిసింది. ఆ నేల మన చేతిలో ఉన్నన్నాళ్ళూ అది ఇసకే. దానికోసం గట్టు రాదు. ఖరీదు చెయ్యగల మనిషి చేతిలో పడితే గట్టు దాని ఎనకాలే నడుచుకుంటా వస్తది.”

హన్నా తండ్రి ముఖంలోకి చూసింది. ఈ ముఖాన్ని ఆమె రోజూ చూస్తోంది. ఇన్ని నెలలుగా దీని వెనక ఇంత ఉందని పోల్చుకోలేకపోయింది. పిల్లల ముఖం చూసి ఎక్కం వచ్చిందో రాలేదో చెప్పగలనని బళ్ళో ఆమెకు పేరు.

“నువ్వే వెళ్ళి చెప్పేవా ఆయనకి?”

“ఆయ్.”

“ఏమని?”

“గీతల సంగతి చెప్పేను. నేల ఇప్పిస్తాను, గట్టు తిప్పిస్తారా అనడిగేను. ఆలోచించి, రెండోరోజు ఒప్పుకున్నాడు. మూడుసార్లెల్లేడు హైదరాబాదు. గీత మారింది. ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నాడు.”

“నాలుగు వేలకి?”

“ఎక్కువ అడిగితే ఎందుకంటారు నలుగురూ. బయటపడితే మనకన్నా పెద్దోళ్ళు దిగుతారు. అప్పుడు బేరం ఆళ్ళ చేతిలోకి పోతది, మన ఇళ్ళ సంగతి ఎవడూ అడగడు.”

“మిగతా పదహారుమందికి?”

మోషే బయట నానిన బట్టల వైపు చూశాడు.

“వాళ్ళకి ఏం చెప్పేవు నాన్నా?”

“ఇసక నేల, ఇంక పండదు, వచ్చినకాడికి అమ్ముకోమన్నాను.”

హన్నా లేచి నిలబడింది. అర్జీ రాసేటప్పుడు ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని ఎందుకు అమ్మారని అడిగి రాసుకుంది. అందరూ ఒకే మాట చెప్పారు: ‘పెద్దాయన అమ్మేడు కదండి, మేవూ అమ్మేం.’ ఆ మాటను ఆమె అర్జీలో పెట్టలేదు. తండ్రిని మోసపోయినవాళ్ళలో మొదటివాడిగా చూపించడానికి మనసొప్పక వదిలేసింది.

“వీరాయమ్మకి ఇల్లు గట్టు వార ఉంది, ఎకరం పోయినా ఇల్లు మిగిలింది. సరే. దానం అన్నయ్య సంగతేంటి? కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. గట్టు ఎటు జరిగినా అతనికి ఒకటే. అతనికి ఉన్నదల్లా ఆ ఎకరం. అందులో ఇరవై కొబ్బరిమొక్కలు వేసేడు, కావిడితో నీళ్ళు పోసేడు. అతని ఎకరం ఇచ్చి వీళ్ళ ఇళ్ళు నిలబెట్టడానికి నీకు హక్కెవరిచ్చేరు?”

“ఎవరూ ఇవ్వలేదు.”

“అడిగితే ఇచ్చేవాడేమో.”

“ఇవ్వకపోతే?”

అది దానం చెప్పవలసిన జవాబు. అతన్ని అడగకపోవడమే తండ్రి చేసిన తప్పు. ఆ మాట ఆయనతో అనడానికి నోరు తెరిచింది. ఆయన అరచేతులు రెండూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నాడు. ఇసుకమూటలు మోసిన ఆ వేళ్ళు ఇప్పుడు పూర్తిగా ముడుచుకోవు.

“నువ్వు అర్జీ రాస్తున్నావని తెలిసిననాడే చెప్పాల్సింది,” అన్నాడు. “దీపం ముందు కూర్చుని రాస్తన్నావు. ఇంతమంది కోసం రాస్తందని ముచ్చటేసింది. నోరు రాలేదు.”

* * *

బయట ఎవరో నవ్వుతున్నారు. అరుపులు కావు, నిజంగానే నవ్వులు.

హన్నా వీధిలోకి వచ్చింది. మూడిళ్ళ అవతల వీరాయమ్మ ఇంటి ముందు పదిమంది ఆడవాళ్ళు గుమిగూడారు. మధ్యలో ప్యాంట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు. ఒకడి చేతిలో పుస్తకం, ఇంకొకడి చేతిలో ఎర్రరంగు డబ్బా, కుంచె. వీరాయమ్మ గోడ మీద, కొత్తగా అలికిన పచ్చిమట్టి రంగు మీద, ఎర్రగా ‘1’ అంకె కనిపిస్తోంది. రంగు ఇంకా కిందికి జారుతోంది.

వీరాయమ్మ వాళ్ళకు గ్లాసులతో మజ్జిగ ఇస్తోంది. అరవై ఏళ్ళ మనిషి, ఆవిడా ఆవిడ మనవరాలు రామలక్ష్మీ తప్ప ఆ ఇంట్లో ఎవరూ లేరు. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ హన్నాకు ఎదురొచ్చింది.

“చూసేరా టీచరుగారూ! ఒకటో నెంబరు నాదేనండి. మా రామలక్ష్మి పుట్టిన వేళ మంచిది. డాబా ఇళ్ళిస్తన్నారంట కదండీ, వరదలో పోయినోళ్ళకి? నెంబరేసిన ఇళ్ళకే ఇస్తారంట!”

“ఎవరు చెప్పేరండీ?”

“ఎవరు చెప్పాలి? నెంబరేస్తే ఇంకెందుకేస్తారండీ!”

“నాకో నెంబరు ఏసి పోండి బాబూ, మా ఇల్లు మూల మీద ఉందని మానేసేరు,” అంది వెనకనుంచి ఒకావిడ. అందరూ మళ్ళీ నవ్వారు. “మానెయ్యరులే, మజ్జిగ పొయ్యి నువ్వూనూ!” అంది వీరాయమ్మ.

హన్నా పుస్తకం పట్టుకున్న మనిషి దగ్గరికి వెళ్ళింది. అతను మజ్జిగ గ్లాసు చేతిలో ఉంచుకుని ఎటు చూడాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఆమె గొంతు తగ్గించి అడిగింది.

“ఇది ఏ గీతండీ?”

అతను తలెత్తాడు. ఆ మాట అడిగే మనిషి ఇక్కడ ఉంటుందని అనుకోలేదు.

“పాతదండి. ఏటివైపు నేల మీద తగాదా ఉందని మండలాఫీసునుంచి కాయితం వచ్చిందండి. ఆ గీత ఆపేసేరు. మార్చి లోపల పని మొదలవ్వకపోతే డబ్బు వెనక్కి పోతుందంట, ఎందుకైనా మంచిది ఇటు ఇళ్ళు రాసుకుని రమ్మన్నారు. సోమవారం విచారణ అయ్యేక ఏదో ఒకటి ఖాయం చేస్తారండి.” ఒక్క క్షణం ఆగి, “వీళ్ళకి చెప్పబోయేనండీ. ఆవిడ వినకుండా మజ్జిగ తెచ్చేసేరు,” అన్నాడు.

ఆ మజ్జిగలో అతను ఒక్క గుక్క కూడా తాగలేదని హన్నా అప్పుడు చూసింది.

“ఏవంటన్నారండీ?” వీరాయమ్మ దగ్గరికి వచ్చింది. “ఎప్పుడు మొదలెడతారంట?”

అందరి ముఖాలూ హన్నా వైపు తిరిగాయి. ఈ పేటలో ఏ కాగితం వచ్చినా చదివిపెట్టేది ఆమే. అందులో ఉన్నది ఉన్నట్టు చెబుతుందని పేరు. ఒకసారి ఒకావిడ కొడుకు ఉత్తరంలో డబ్బు పంపలేనని రాస్తే, మెత్తగా మార్చి చదవకుండా రాసినట్టే చదివింది. ఆ తరవాత కూడా ఆవిడ హన్నా దగ్గరికే ఉత్తరాలు తెచ్చేది.

“ఇవి ఇళ్ళివ్వడానికి కాదండీ వీరాయమ్మగారూ,” అంది. “గట్టు పెంచడానికి. నెంబరు పడిన ఇళ్ళు గట్టు కిందికి పోతాయి.”

వీరాయమ్మ వినలేదేమో అన్నట్టు ఆమె నోటివైపే చూసింది. తరవాత గోడ వైపు చూసింది.

“కొత్త గట్టు ఏటి అంచునెయ్యలేదండీ? రాళ్ళేసేరు కదా. నేనెల్లి చూసొచ్చేను.”

“వేసేరు. ఇప్పుడు ఆపేసేరు.”

“ఎందుకండీ? ఎవరి మూలానండీ?”

వెనక తండ్రి అడుగుల చప్పుడు హన్నాకు వినిపించింది. ఆయన మాట్లాడకముందే తను చెప్పాలనుకుంది.

“మన అర్జీ మూలాన. నేను రాసేను. ఇలా అవుతుందని నాకు తెలీదు. తెలుసుకుని రాయాల్సింది.”

రంగు డబ్బా మనిషి కుంచెను డబ్బాలో పెట్టి మూత వేశాడు. వీరాయమ్మ తన కుడిచెయ్యి బొటనవేలు ముందుకు చాపి చూసుకుంది.

“నేనూ ఏసేను కదండీ వేలిముద్ర,” అంది. “నా ఎకరం నాకొస్తదన్నారని ఏసేను. సోమవారం ఎల్లి, నాది తీసెయ్యండి బాబూ అంటే తీసేస్తారాండీ? నాకు ఎకరం వద్దండి. ఇల్లుంటే సాలు.”

“నాదీ తీసెయ్యండి టీచరుగారూ,” అంది మూలింటావిడ. ఇంకో ఇద్దరు కూడా అదే మాట అన్నారు.

“నాది మాత్రం తియ్యరు.”

అందరూ తిరిగి చూశారు. దానం సైకిలు దిగి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. కాలనీనుంచి తొక్కుకుంటూ వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకు అతుక్కుంది. అర్జీకి అందరికన్నా ముందు సంతకం పెట్టినవాడు, మిగతావాళ్ళ చేత పెట్టించినవాడు అతనే. ఎప్పుడూ హన్నాను చూడగానే ‘ఏం చెల్లెమ్మా’ అని పలకరించే మనిషి, ఇవాళ ఆమెను దాటి మోషే ముందుకు వెళ్ళాడు.

“త్రిమూర్తులుగారు మా ఇంటికొచ్చెళ్ళేరు బాబాయ్,” అన్నాడు. మోషేను చిన్నప్పటినుంచి అలాగే పిలుస్తాడు. “కుర్చీ ఏస్తే కూర్చోలేదు. నిలబడే చెప్పేరు. ఆయన చెప్పింది నేను నమ్మలేదు. ఊళ్ళోవాళ్ళు మనల్ని మనల్నే కొట్టుకు చావమని ఏదో చెబుతారనుకున్నాను. ఒక్క మాట నీ నోటితో విందామని వచ్చేను.”

“అడుగు,” అన్నాడు మోషే.

“ఇసక నేల, పండదు, అమ్ముకోమన్నావు. గుడిలో నువ్వు బెడ్డ పెడితే నేను నీ ఎనకే పెట్టేను. ఆ పొద్దున, ఆ నేల గట్టు చాటుకి వస్తదని నీకు తెలుసా?”

ఆడవాళ్ళు కొంగులు సర్దుకోవడం మానేశారు. పుస్తకం మనిషి కూడా మోషే వైపే చూస్తున్నాడు. తండ్రి ఒక్కసారి తన వైపు చూస్తే చాలునని హన్నా అనుకుంది. చూస్తే ఆగమని కళ్ళతోనైనా చెప్పేది. ముందు ఇళ్ళ సంగతి చెప్పమనీ, నలభై ఎనిమిది అడుగుల సంగతి చెప్పమనీ చెప్పేది. ఆయన దానం ముఖం మీదినుంచి చూపు తిప్పలేదు.

“ఆయ్,” అన్నాడు. “తెలుసు.”

దానం తల ఊపాడు. ఎందుకని కూడా అడగలేదు. సైకిలు వెనక్కి తిప్పుకుని, తిప్పుకున్నవాడు ఆగి, హన్నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

“సోమవారం పొద్దున్నకి ఇంకో అర్జీ కావాలండి టీచరుగారూ,” అన్నాడు. ఆమెను అతను గారు అని పిలవడం అదే మొదలు. “ఇందులో మన చేత నేల అమ్మించిందెవరో రాయాలి. మా అందర్లోనూ ఉన్నది ఉన్నట్టు రాసేది మీరొక్కరే. మీ చేత్తోనే రాయండి.”